మూడుసార్లు అడిగే ఐపీ అడ్రస్

వంద సర్వర్లకు లైనక్స్ ఎక్కించాలంటే ఒక్కోదాని ముందు కూర్చుని ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పడం అయ్యే పని కాదు. అందుకే జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసిపెడతారు. రెడ్‌హ్యాట్‌లో దాన్ని కిక్‌స్టార్ట్ అంటారు, డెబియన్‌లో ప్రీసీడ్, సూసేలో ఆటోయాస్ట్. సర్వర్ ఆన్ చేస్తే చాలు, నెట్‌వర్క్ మీంచి బూటై, ఆ ఫైల్ చదువుకుని పని ముగిస్తుంది. నెట్‌వర్క్ దగ్గర తేడా వస్తే మాత్రం అంతా అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఏం చేయాలో అనుభవజ్ఞులైన అడ్మిన్లు ఏళ్ల తరబడి సానబెట్టుకున్న పద్ధతి ఒకటుంది.

ఇన్‌స్టాల్ మొదలై కొత్త సిస్టమ్ లేచేలోగా ఒకే సర్వర్ ఐపీ అడ్రస్ కోసం మూడుసార్లు అడుగుతుంది. మొదట నెట్‌వర్క్ మీంచి బూట్ చేయించే పీఎక్స్ఈ (ఇది నెట్‌వర్క్ కార్డులోనే ఉంటుంది), తర్వాత ఇన్‌స్టాలర్, చివరికి కొత్తగా ఎక్కిన సిస్టమ్. ఈ మూడూ వేర్వేరు ప్రోగ్రాములు. అందుకని ‘పీఎక్స్ఈలో ఐపీ వచ్చింది కాబట్టి నెట్‌వర్క్ బాగానే ఉంది’ అనే మాట చెల్లదు. ఎన్నోసారి అడిగినప్పుడు దొరకలేదన్నది ముందు తేల్చుకోవాలి.

మొదటిసారే దొరకకపోతే ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ మీద, ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడిపి 67, 68 పోర్టులు చూడాలి. ఐపీ అడిగే డిస్కవర్ ప్యాకెట్ అసలు రాలేదా? కేబుల్, వీల్యాన్ చూడాలి. సబ్‌నెట్ వేరైతే రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిలే ఉందో లేదో చూడాలి. డిస్కవర్ వచ్చినా దానికి జవాబుగా ఆఫర్ వెళ్లలేదా? తప్పు డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో ఉంది. ఐపీ వచ్చి బూట్ ఫైల్ రాకపోతే ఆ ఫైల్‌ను పంపే టీఎఫ్‌టీపీని, దాని 69వ పోర్టుకు అడ్డుపడే ఫైర్‌వాల్‌ను అనుమానించాలి. పాత బయోస్ కోసం పెట్టిన బూట్ ఫైల్ యూఈఎఫ్ఐ సర్వర్‌కు పనికిరాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కువగా తికమక పెట్టేది రెండో దశ. పీఎక్స్ఈకి ఐపీ వస్తుంది, ఇన్‌స్టాలర్ మాత్రం డీహెచ్‌సీపీ విఫలమైందని ఆగిపోతుంది. మళ్లీ ప్రయత్నించమని చేత్తో నొక్కితే వెంటనే వచ్చేస్తుంది! అసలు ఆధారం అదే. కెర్నల్ డ్రైవర్ లోడయ్యేటప్పుడు లింక్ ఒకసారి పడి లేస్తుంది. స్విచ్‌లో లూపులు రాకుండా చూసే పాత స్పానింగ్ ట్రీ ఉంటే ఆ పోర్టు లిజనింగ్‌లో 15, లెర్నింగ్‌లో 15, మొత్తం 30 సెకన్లు ప్యాకెట్లను వదలదు. పీఎక్స్ఈ 4, 8, 16, 32 సెకన్ల చొప్పున ఆగి ఆగి అడుగుతుంది కాబట్టి గట్టెక్కుతుంది. ఇన్‌స్టాలర్ అంతసేపు ఆగకపోతే పని చెడుతుంది. సర్వర్ ఉన్న స్విచ్ పోర్టుకు ఈ ఆగుడు తప్పించే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి, లేదా ఇన్‌స్టాలర్ ఎదురుచూసే సమయం పెంచాలి.

ప్రీసీడ్‌తో ఇంకో చిక్కుంది. స్టాటిక్ ఐపీని ఆ ఫైల్లో రాసి, ఫైల్‌ను వెబ్ సర్వర్‌లో పెడతారు. ఫైల్ చదవాలంటే ముందు నెట్‌వర్క్ రావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! అందుకే ఐపీ, గేట్‌వే, ఏ కార్డు వాడాలి అన్న వివరాలను కెర్నల్ బూట్ లైన్‌లోనే ఇవ్వాలి.

మూడో దశలో నెట్‌వర్క్ కార్డుల పేర్లు దెబ్బతీస్తాయి. 2013లో వచ్చిన సిస్టమ్‌డీ 197 నుంచి కార్డు పేరు దాని స్లాటును బట్టి వచ్చే పద్ధతి మొదలైంది. ఫైల్లో ‘ఈటీహెచ్0’ అని రాసి ఉంటుంది, సిస్టమ్‌లో కార్డు ‘ఈఎన్‌పీ3ఎస్0’గా లేస్తుంది. కార్డును మ్యాక్ అడ్రస్‌తో గుర్తించేలా రాస్తే ఈ బెడద ఉండదు.

ఆగిపోయిన సర్వర్‌ను కంగారుపడి రీబూట్ చేస్తే ఆధారాలన్నీ పోతాయి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో ఆల్ట్-ఎఫ్2 నొక్కితే షెల్, ఆల్ట్-ఎఫ్4 నొక్కితే లాగ్ కనిపిస్తాయి. షెల్‌లో ‘ఐపీ లింక్’ అని కొట్టినప్పుడు ‘నో క్యారియర్’ అని వస్తే కార్డుకు లింకే లేదు. ఇక ఫైల్‌తో పని లేదు, కేబుల్ దగ్గరికి వెళ్లాలి.

అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఒక మాట. ఆగిన సర్వర్‌ను చేత్తో సరిచేస్తే బాగుపడేది అదొక్కటే. కారణం కనిపెట్టి ఆ మార్పును ఫైల్లోనో, స్విచ్‌లోనో చేస్తే మిగతా తొంభైతొమ్మిదీ బాగుపడతాయి. ఒకసారికి ఒకటే మార్చండి. మార్చాక మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఎవరూ చెయ్యి పెట్టకుండా పూర్తయితేనే సమస్య తీరినట్టు.