అటకెక్కిన పొదుపు

ఈ వారం కోపం తెప్పించింది ఒక అపార్టుమెంటు గేటు దగ్గరి కుప్ప. అక్కడ నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఆదివారం నాడు ఇళ్ళు ఖాళీ చేసుకునే కార్యక్రమం పెట్టుకున్నారు. ఏడాదిగా చెయ్యి తగలని ప్రతి వస్తువూ బయటికి పోవాలన్నది షరతు. సాయంత్రానికి ప్రహరీ వారన గుట్ట పడింది. పిడి ఊడిన కుక్కరు, కాలు ఊగే పీట, పసిపిల్లల స్వెట్టర్లు, నిక్షేపంలాంటి ఇత్తడి జల్లిగరిటె, అట్టపెట్టె కూడా విప్పని గాజు గిన్నెల సెట్టు. చెత్తబండి వచ్చేలోపు వాన వచ్చింది. స్వెట్టర్లు ఎవరికీ కాకుండా పోయాయి.

మర్నాడు అదే గేటులోంచి అవే ఇళ్ళకు డెలివరీ కుర్రాళ్ళు మోసుకెళ్ళినవి ఏమిటంటే ప్లాస్టిక్ డబ్బాలు, సొరుగుల్లో పెట్టుకునే అరలు, మూతల బుట్టలు. ఖాళీ అయిన చోటును అందంగా సర్దుకోవడానికి కొన్న కొత్త సామాను.

ఈ కాలమ్ అటక పక్షమని పాత పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. పారేసిన మర్నాడే దాని అవసరం పడుతుందన్న మాట ఇక్కడ ఎన్నిసార్లు వచ్చిందో, ఆషాఢం డిస్కౌంట్ల మీద ఎన్ని యుద్ధాలు జరిగాయో వాళ్ళకు తెలుసు. సర్దుడు పేరు చెప్పి పారేసి, సర్దుడు పేరు చెప్పే మళ్ళీ కొనడం పొదుపు ఎలా అవుతుంది?

ఈ సర్దుడు ఊపు జపాన్ నుంచి వచ్చింది. ఇల్లు సర్దుకోవడం మీద మరీ కొండో అనే ఆవిడ అక్కడ అచ్చేసిన పుస్తకం ఎన్నో భాషల్లోకి వెళ్ళింది. 2019 జనవరి 1న నెట్‌ఫ్లిక్స్‌లో ఆమె కార్యక్రమం మొదలవగానే అమెరికాలో పాత సామాన్లు తీసుకునే దుకాణాల ముందు మూటలు పేరుకున్నాయి. అదే ఏడాది నవంబరులో ఆమె సంస్థ ఇంటి సామాన్ల ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. అందులో ఒక శ్రుతిదండం, దానితోపాటు ఒక స్ఫటికం, రెండూ కలిపి 75 డాలర్లు. ఇది విన్నప్పుడు చాలామందికి మనసు విరిగింది. అయినా ఆమె చెప్పిన పద్ధతిలో సారం లేకపోలేదు. ఒక్కో గది కాకుండా ఒక్కో రకం సామాను పట్టుకోమంటుంది. ముందు ఇంట్లో ఉన్న బట్టలన్నీ బీరువాల్లోంచి, పెట్టెల్లోంచి, మంచం కింద నుంచి తీసి ఒకేచోట పోయమంటుంది. అలా పోశాక ఎన్ని ఉన్నాయో కంటికి ఆనుతుంది. 2023లో, ముగ్గురు పిల్లల తల్లిగా, ఇల్లు మునుపటిలా సర్దడం తగ్గించి ఆ సమయం పిల్లలకిస్తున్నానని కూడా ఆమె దాపరికం లేకుండా చెప్పింది.

ఆమె సంగతి అలా ఉంచి, మనవాళ్ళ సంగతికి వద్దాం. తెనాలి దగ్గరి పల్లెలో ఈ కాలమిస్టు మేనత్తగారి ఇల్లు ఈ పేజీ చదివేవారికి చిరపరిచితమే. పొదుపుకు ఆవిడ ఆ చుట్టుపక్కల పెట్టింది పేరు.

ఆ ఇంట్లో నూలు చీర పండగనాడు మడత విప్పుకునేది. రెండేళ్ళకు ఇంట్లో కట్టుకునే చీరయ్యేది. కూర్చునే చోట నేత పలచబడగానే నిలువునా రెండుగా చింపి, గట్టిగా ఉన్న అంచులు రెండూ మధ్యకు తెచ్చి కుట్టేవారు. దాంతో ఇంకో ఏడాది గడిచేది. బాగా మెత్తబడ్డాక అందులో కొంత పురిటింటికి పొత్తిగుడ్డలుగా వెళ్ళేది. ఒక ముక్క ఆవకాయ జాడీకి వాసెన కట్టేవారు. ఇంకో ముక్క పొయ్యి దగ్గర మసిగుడ్డ. పాత పంచెల్లోంచి దీపం ఒత్తులు వచ్చేవి. ఆఖరికి అలుకుగుడ్డ. అది కూడా పీలికలైతే పేడదిబ్బ మీదికి వెళ్ళి ఎరువులో కలిసిపోయేది.

మిగిలినవి బొంతకు. వేసవి మధ్యాహ్నం వసారాలో చాప పరిచేవారు. కింద గట్టి చీర, మధ్యలో చిరుగులు పడ్డవి నాలుగైదు, పైన రంగు వెలవనిది. ముడతలు లేకుండా చేత్తో తట్టి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అంచులు లోపలికి మడిచి, తలో వైపూ ఒకరు కూర్చుని వేలెడేసి ఎడంతో కుట్టుకుంటూ మధ్యకు వచ్చేవారు. దారం కూడా కొన్నది కాదు. పాత అంచుల్లోంచి లాగిన పోగులు నాలుగు కలిపి తొడ మీద పురిపెట్టి, మైనం రాసేవారు. కుట్టు వరస వంకరపోతే అత్తయ్యగారు ఊరుకునేవారు కాదు. వెడల్పుగా కుట్టిన చోట ఉతికినప్పుడు లోపలి చీరలు ముద్దకడతాయని ఆవిడకు తెలుసు.

ఇక ఇత్తడి గిన్నెలు. ఏటా వానలు వెళ్ళాక కళాయి సాయిబు వచ్చేవాడు. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి అమర్చేవాడు. ఇసుకా చింతపండూ వేసి తోమిన గిన్నెను పట్టకారుతో నిప్పుల మీద తిప్పుతూ, సరిగ్గా కాగిందనిపించినప్పుడు చిటికెడు నవాసాగరం చల్లేవాడు. ముక్కు అదిరే తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముక్క అలా తాకించి, దూది ఉండతో లోపలంతా ఒక్క తుడుపు. నల్లగా కమిలిన గిన్నె అడుగున ఉన్నట్టుండి వెండి మెరిసేది. కళాయి పోయిన ఇత్తడిలో చారు కాస్తే చింతపండు పులుపుకు చిలుము దిగుతుంది. అందుకని ఈ పనిలో బేరాలు గిన్నె కాలేంత వేడిగా సాగేవి.

“ఏం సాయిబూ, పోయినేడాది ఆర్నెల్లకే ఎర్రబడింది. ఈసారి తగరం దిట్టంగా పట్టించు.”

“తోమేవాళ్ళను ఇసుక తగ్గించమనండి అమ్మగారూ, రెండేళ్ళుంటది.”

అడుగు చిల్లిపడ్డ బిందెకు మాటు వేసేవాడు వేరే. గొడుగులు బాగుచేసేవాడు వేరే, రోలుకు గాట్లు పెట్టేవాడు వేరే. పాత పట్టుచీరలో జరీ ఉంటే, దానిలోని వెండి కోసం కొనేవాడు ఇంకొకడు. పాత ఇనుముకు ఉల్లిపాయలు, చిరిగిన ప్యాంట్లకు స్టీలు గిన్నెలు, దువ్వెనలో చిక్కిన జుట్టుకు పిల్లలకు పీచుమిఠాయి. వీధిలో ఒక్కో కేకకు ఒక్కో వస్తువు ఇంట్లోంచి కదిలేది.

ఆ ఇంట్లోనూ అటక ఉంది. ఈ కాలమ్ ఇన్నేళ్ళుగా తన వాదానికి సాక్ష్యంగా చూపిస్తున్నది ఆ అటకనే. అయితే దాని మీద ఏముండేవో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటే వాదం వేరే దారి పడుతుంది. మాఘ ఫాల్గుణాల్లో కొన్న కొత్త చింతపండు ఉండేది. మళ్ళీ మాఘం నాటికి జాడీ అడుగంటేది. విత్తనాల కుండలు తొలకరికి కిందికి దిగేవి. పెద్ద గుండిగలు పెళ్ళిళ్ళ రోజుల్లో వీధి వీధంతా తిరిగి వచ్చేవి. కర్ర ఉయ్యాల ఒకటుండేది, అది ఏ ఏడు ఎవరింట్లో ఉందో చెబితే బంధువుల్లో పిల్లలు పుట్టిన వరస చెప్పేయొచ్చు. ఎప్పుడైనా పనికొస్తుందిలే అని పైకెక్కించిన వస్తువు అక్కడ ఒక్కటీ లేదు. ఇంక ఏ పనికీ రాదని తేలిన కొయ్యాకంపా, చీపురుకట్టలూ, నులకా ప్రతి ఏడూ భోగిమంటలోకి వెళ్ళేవి. అత్తయ్యగారు దేన్నీ పారేయరని అందరూ అనేవారు. దేన్నీ ఒకచోట ఉండనిచ్చేవారు కారన్నది ఎవరి కంటా పడలేదు.

ఇప్పటి అటక అలాంటిది కాదు. జార్లు పగిలి మోటార్లు మిగిలిన మిక్సీలు, ఏ ఫోనువో తెలియని ఛార్జర్లు, ఆ ఫోన్ల ఖాళీ పెట్టెలు, చక్రం విరిగిన సూటుకేసులో ఇంకో సూటుకేసు. గృహప్రవేశాల్లో, పేరంటాల్లో వచ్చిన ప్లాస్టిక్ పళ్ళేలు. తాంబూలంలో పెట్టిన జాకెట్టు ముక్క సంగతి అందరికీ తెలిసిందే. ఎవరూ కుట్టించుకోరు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడుస్తూ, నాలుగు నోముల తర్వాత బయల్దేరిన చోటికే చేరుతుంది. కనీసం అది నడుస్తోంది. తక్కినవి నడవడం కూడా మానేశాయి.

ఎందుకు ఆగిపోయాయి? మనుషులు పిసినారులైపోయి కాదు. వస్తువుకు రెండో పని లేకుండా పోయింది. ముంబై దగ్గరి పాతాళగంగలో 1982లో పాలిస్టర్ దారం ఫ్యాక్టరీ మొదలైంది. 1985 నాటి కేంద్ర జౌళి విధానం నూలుకూ కృత్రిమ దారాలకూ సమాన స్థానం ఇచ్చింది. పాలిస్టర్ చీర ఇంటింటికీ వచ్చింది. చవక, ముడత పడదు, చిటికెలో ఆరుతుంది. రోజంతా పనిచేసే ఆడవాళ్ళకు అది పెద్ద ఊరట, దాన్ని కాదనడానికి లేదు. కానీ ఆ చీరతో బొంత కుడితే జారిపోతుంది, చెమట పీల్చదు. మసిగుడ్డ చేస్తే వేడి గిన్నెకు కరిగి అంటుకుంటుంది. నీళ్ళు తుడవదు. ఒత్తికి పనికిరాదు. మంటలో వేస్తే నల్లటి పొగ. స్టీలు వచ్చి కళాయి సాయిబును పంపించేసింది. అతుకు పెట్టడానికి కుదరకుండా మూసేసిన ప్లాస్టిక్ యంత్రాలు రిపేరు షాపులను పంపించేస్తున్నాయి. కొత్త మిక్సీ ధరలో సగం రిపేరుకే అవుతుందంటే ఎవరు మాత్రం బాగుచేయిస్తారు? పాతది పారేయడానికి చేతులు రావు, బాగుచేసే చేతులు లేవు. దాంతో అది అటకెక్కుతుంది.

అలాంటప్పుడు దాచుకోవడమే పొదుపని వాదించడం ఇక సాధ్యం కాదు. లెక్క చూసినా అంతే. నగరంలో ఫ్లాటు చదరపు అడుగు 6,000 రూపాయలు అనుకుందాం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున పాత సామాను పేర్చితే ఆ మూల ఖరీదు 36,000. అందులో ఉన్నవన్నీ కలిపి అమ్మితే పాత ఇనుపసామానువాడు వెయ్యి ఇచ్చినా గొప్పే. ఇంట్లో నాలుగు కత్తెరలుండి ఒక్కటీ కనపడక అయిదోది కొనే ఖర్చు, కందిపప్పు డబ్బా వెనక ఇంకో కందిపప్పు డబ్బా పురుగు పట్టే నష్టం ఈ లెక్కలో కలపలేదు.

పారేయడం గురించి గేటు దగ్గరి కుప్ప చెప్పిన పాఠం కూడా ఇక్కడే పనికొస్తుంది. ఆ స్వెట్టర్లు రెండేళ్ళ కిందట, కార్తీకంలో, అదే కాంప్లెక్సు వాచ్‌మన్ పిల్లలకు వెళ్ళి ఉంటే సరిపోయేది. వస్తువు ఇంకా గట్టిగా ఉన్నప్పుడే, తగిన కాలంలోనే కదలాలి. దుప్పట్లు డిసెంబరుకు ముందు. స్కూలు సంచులు, యూనిఫారాలు, నోటు పుస్తకాలు జూన్‌లో బళ్ళు తెరవకముందు. పుస్తకాలు చెద పట్టకముందు. హైదరాబాదు పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారులో ప్రతి గురువారం పాత మంచాలూ, ఫ్యాన్లూ, పనిముట్లూ కొత్త ఇల్లు వెతుక్కుంటాయి. 2023 మే నుంచి పట్టణాల్లో బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తీసుకునే కేంద్రాలు పెట్టించింది కేంద్ర ప్రభుత్వం. మీ మునిసిపాలిటీలో అది ఇంకా తెరిచే ఉందో లేదో కనుక్కోండి, మూసేస్తే ఎందుకు మూశారని అడగండి.

బాగుచేసే చేతుల కోసం కూడా అడగాల్సి ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2009లో మార్టిన్ పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన రిపేరు కెఫేల్లో, పని తెలిసినవాళ్ళు ఒక పూట ఊరికే కూర్చుని పక్కవాళ్ళ మిక్సీలు, లాంతర్లు, జిప్పులు బాగుచేసి పెడతారు. ఆ అలవాటు బెంగళూరుకూ వచ్చింది. మన దేశంలో 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినాన, రిపేరు హక్కు పోర్టల్ తెరిచారు. విడిభాగాలు, సర్వీసు వివరాలు కంపెనీలు అందులో పెట్టాలన్నది ఉద్దేశం. కొత్త యంత్రం కొనేముందు అయిదు నిమిషాలు అందులో వెతకడం, దాని జారు అయిదేళ్ళ తర్వాత విడిగా దొరుకుతుందా అని కొట్టువాడిని నిలదీయడం ఏ ప్లాస్టిక్ డబ్బాల సెట్టుకన్నా ఇంటిని ఎక్కువ ఖాళీగా ఉంచుతాయి.

పాలిస్టర్ చీరలకు మాత్రం ఇంట్లో చేయగలిగింది తక్కువ. హర్యానాలోని పానిపట్‌లో దేశవిదేశాల పాత బట్టలను రంగుల వారీగా ఏరి, చీల్చి, మళ్ళీ వడికి చవక దుప్పట్లు నేస్తారు. తుపాన్లప్పుడు, వరదలప్పుడు పంచే దుప్పట్లలో అలాంటివి చాలా ఉంటాయి. మన వీధుల్లో స్టీలు గిన్నెలకు బట్టలు తీసుకునేవాళ్ళ మూటల్లో ఏది ఎంత దూరం వెళ్తుందో, ఏది ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాల్సి ఉంది. వచ్చే వారాల్లో ఈ కాలమ్ ఆ పని మీద ఉంటుంది. ఈలోగా కళాయి వేసేవారు, మాటు వేసేవారు, బొంతలు కుట్టి ఇచ్చేవారు, పాత మిక్సీ విప్పి చూసే ఓపికున్నవారు మీ ఊళ్ళో ఇంకా ఉంటే ఊరి పేరు, వాళ్ళు ఏ వీధిలో ఏ రోజు కనిపిస్తారో రాసి పంపండి. వాళ్ళ అనుమతి తీసుకుని, జిల్లాల వారీగా ఇక్కడే అచ్చేస్తాం.