కిన్నెరసాని: పాటలోని ప్రవాహం, పాల్వంచ చెంత నీరు

విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ మీద మన విద్యాలయాల్లో జరిగిన చర్చ ఎక్కువగా కరుణరసం, గేయ ఛందస్సు, అత్తాకోడళ్ల కథనం చుట్టూ తిరిగింది. పర్యావరణ విమర్శ ప్రాచుర్యంలోకి వచ్చాక, ఏరు, చెట్టు, కొండ కనిపించిన ప్రతి రచననూ ప్రకృతి కావ్యంగా లెక్కగట్టే అలవాటు పెరిగింది. ఈ రెండు పద్ధతుల్లోనూ నీరు ప్రతీకగానే మిగిలిపోతోంది. ఆ నీటిలో బతికే ప్రాణుల గురించి మాత్రం విమర్శ అడగడం లేదు.

ఈ కావ్యంలోని ఏరు కవి కల్పన కాదు. కిన్నెరసాని గోదావరికి ఉపనది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల గుండా ప్రవహించి బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. పాల్వంచలోని కొత్తగూడెం తాప విద్యుత్ కేంద్రానికి నీటి సరఫరా కోసం 1960లలో ఈ ఏటిమీద జలాశయం కట్టారు. కావ్యం అంతకు చాలా ముందటిది. కాబట్టి ఆనకట్ట ఊసు లేదని కవిని తప్పుపట్టడం అసంబద్ధం. ఆనకట్ట వచ్చాక కూడా ఏటిని పాటలోని ఏరుగానే చదువుతున్న మన పఠనాన్నే పరీక్షించుకోవాలి.

కథ అందరికీ తెలిసిందే. అత్త పెట్టే బాధ పడలేక అడవికి వెళ్ళిన కిన్నెర, భర్త కౌగిట్లో కరిగి ఏరవుతుంది. భర్త శిలగా మారిపోతాడు. నడకలు, నృత్యం, సంగీతం పేర ఉన్న ఖండికలన్నీ కదలికకు చెందినవే. ఈ కావ్యబలం దుఃఖవర్ణనలో కంటే ఈ కదలికలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. దుఃఖం నిలిచిపోతే కిన్నెర మనిషిగానే ఉండిపోయేది. ప్రవహించింది కనుకే ఏరయింది.

జలజీవశాస్త్రం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి చేపలు వానాకాలపు వరదనీటిలో, పారే నీటిలో గుడ్లు పెడతాయి. నిలవ నీటిలో అవి పెరుగుతాయి కానీ సాధారణంగా సంతానోత్పత్తి చేయవు. అందుకే జలాశయాల్లో ఏటేటా చేపపిల్లలను వదలవలసి వస్తుంది. రాళ్ళమీదుగా దూకే నీరు గాలిలోని ప్రాణవాయువును తనలో కలుపుకుంటుంది. జలాశయపు లోతు పొరల్లోని నీటికి ఆ అవకాశం తక్కువ. అయితే కట్ట కట్టగానే జీవం పోయిందనడం కూడా తొందరపాటే. కిన్నెరసాని జలాశయం నేడు వన్యప్రాణి అభయారణ్యంలో భాగం, మొసళ్ళకు ఆవాసం. అక్కడ ఒక జీవసముదాయం పోయి మరొకటి వచ్చింది. ఆ మార్పును వర్ణించే పదజాలం మన విమర్శలో ఇంకా ఏర్పడలేదు.

విద్యుత్ కేంద్రం సంగతీ అంతే. ‘కాలుష్యం’ అన్న ఒక్క మాటతో మన వ్యాసాలు దాన్ని దాటేస్తాయి. బొగ్గు కేంద్రంలో టర్బైను తిప్పిన ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి చల్లని నీరు కావాలి. వేడెక్కిన ఆ నీటిని నేరుగా నదిలోకి వదలడం ఒక పద్ధతి. శీతలీకరణ గోపురాల్లో చల్లార్చి మళ్ళీ వాడుకోవడం రెండోది. మొదటి పద్ధతిలో నది వేడెక్కుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములే ఉండగలదు. వేడికి చేప శ్వాస వేగం పెరుగుతుంది. అవసరం పెరిగినప్పుడే లభ్యత తగ్గుతుంది. నీటిని తోడే చోట చేపగుడ్లు, పిల్లలు జాలీలు దాటి లోపలికి కొట్టుకుపోవడం మరో నష్టం. రెండో పద్ధతిలో ఈ నష్టాలు చాలా తగ్గుతాయి కానీ గోపురాల నుంచి నీరు ఆవిరై పోతుంది, అది ఏటికి తిరిగిరాదు. నేరుగా వదిలే కేంద్రాలన్నీ గోపురాలు కట్టాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015లో నిబంధన తెచ్చింది. పాల్వంచ పాత కేంద్రంలోని 8 గోపురాలను, ఆ యూనిట్లు మూతపడ్డాక, 2024 ఆగస్టులో కూల్చివేశారు. క్షణాల్లో నేలమట్టమైన ఆ దృశ్యాన్ని అందరం చూశాం. వాటి గుండా అర్ధశతాబ్దంపాటు ఆవిరైపోయిన నీటి గురించి ఒక్క కవితైనా నా కంటపడలేదు.

కావ్యంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది గోదావరీ సంగమ ఘట్టం. కిన్నెరను కోరి సముద్రుడు పొంగుతాడు, గోదావరి ఆమెను తనలో కలుపుకొని కాపాడుతుంది. ఇక్కడ సముద్రం భయహేతువు. స్త్రీవాద దృష్టితో ఈ ఘట్టాన్ని చదవవచ్చు, చదవాలి కూడా. కానీ గోదావరి జాలరికి సముద్రం నుంచి పైకి వచ్చేది భయం కాదు, పులస. వానాకాలంలో ఎర్రనీటికి ఎదురీది నదిలోకి వచ్చే ఈ చేపకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట అడ్డుగా నిలిచింది. కావ్యంలో కడలి తాకిడి నుంచి రక్షించే నది, వాస్తవంలో కడలితో సంబంధం తెగితే ఒక జీవజాతిని పోగొట్టుకుంటుంది. ఈ రెంటినీ ఒకే తరగతిలో పక్కపక్కన పెట్టి బోధించవచ్చు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు. పులస ఎక్కడిదాకా వచ్చేదో, ఇప్పుడు ఎక్కడ ఆగిపోతోందో ధవళేశ్వరం దిగువ లంకల్లోని వలకాళ్ళను అడిగి రాసుకురమ్మని విద్యార్థిని పంపితే, సంగమ ఘట్టంపై అతడు రాసే వ్యాసం వేరుగా ఉంటుంది.