జంటకవిత్వమును మైత్రియు: తిరుపతి వేంకటకవులు

కావ్యమునకుఁ గర్త యొక్కఁడే యుండవలెనను భావము మన వాఙ్మయమున నెన్నఁడును పూర్తిగా నిలువలేదు. నన్నయభట్టారకుఁడు భారతరచనమునఁ దనకు నారాయణభట్టు తోడ్పడిన విషయమును గ్రంథారంభముననే కృతజ్ఞతతోఁ జెప్పికొనెను. పదునైదవ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగన లిరువురును గలసి ప్రబోధచంద్రోదయమును వరాహపురాణమును రచించిరి. అయినను జంటకవిత్వ మనఁగానే నేఁటి పాఠకునకు మొదట స్ఫురించువారు తిరుపతి వేంకటకవులు. వారి కృతులను జదువునపుడు విమర్శకులు తఱచుగా "ఈ పద్య మిద్దఱిలో నెవ్వరిది?" యని ప్రశ్నింతురు. ఆ ప్రశ్న యెంతవఱకు సార్థకమో యిచట విచార్యము.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లోఁ గడియమునందును, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో భీమవరప్రాంతపు యెండగండియందును జన్మించిరి. తాడేపల్లిగూడెమునకు సమీపమునఁ గల కడియెద్దలోఁ జర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శుశ్రూష వారి నిరువురను గలిపెను. గురుకులవాసమునఁ బాఠమొక భాగము మాత్రమే. మిగిలిన భాగము సహాధ్యాయితోడి చర్చ. గురువు మన్నించిన తప్పును సహాధ్యాయి మన్నింపఁడు. వాదమున నేఁ డోడినవాఁడు ఱేపు సిద్ధుఁడై వచ్చును. అట్టిచోట స్పర్ధయు మైత్రియు విరుద్ధములు గావు. ఒకటి లేనిచో రెండవది నిలువదు.

ఈ మైత్రికి నిజమైన పరీక్ష యవధానము. శతావధానమున నూఱుగురు పృచ్ఛకులు నూఱు పద్యముల నడుగుదురు. వారి కొక్కొక్క పాదము చొప్పునఁ జెప్పుచు, నాలు గావృత్తులలోఁ బద్యములు ముగించి, కడపట నన్నిటిని ధారణ చేయవలెను. ఏకాకి కిది ధీబలపరీక్ష. ఇరువు రొక్కటిగాఁ జేయునపుడు స్నేహపరీక్ష కూడ నగును. ఒకఁ డెత్తుకొన్న యన్వయము నింకొకఁడు చెడకుండ నడపవలెను. తనకుఁ దోఁచిన సొగసైన పదమునైనను బద్యముకొఱకు వదలుకొనవలెను. అహంకారమును సభాముఖమున నిట్లు విడుచుట యభ్యాసము లేక సిద్ధింపదు.

ఇట్టి కవిత్వస్థితి యాంధ్రదేశమునకే పరిమితము గాదు. 1973 ఆగస్టు 11వ తేదీని న్యూయార్కు నగరమునఁ, బ్రాంక్సుప్రాంతమున డీజే కూల్ హెర్క్ నడపిన వేడుకతో నారంభమైనదని చెప్పఁబడు హిప్‌హాప్‌నందును మిత్రులు వలయముగా నిలిచి, వంతుల చొప్పున నాశువుగాఁ బలుకుదురు. ఆ వలయమునకు సైఫర్ అనియు, మాటలతో నెదిరి నోడించుటకు బ్యాటిల్ అనియుఁ బేళ్లు. అచట నాత్మప్రశంస దోషము గాదు. తమ్ము గెలిచిన కవి కనఁబడువఱకు మీసము పౌరుషచిహ్నముగా నుంచుకొందుమని పద్యమునఁ బ్రతిజ్ఞ చేసిన మన జంటకవుల నెఱిఁగిన పండితులకు నీ ధోరణి వింత గొలుపదు. అచట లయవాద్యము మాటను నడపును. ఇచట గణయతిప్రాసలు నడపును. ఈ భేదము చిన్నది గాదు. కాని రెండింటను శ్రోత యెదుటనే యున్నాఁడు, దిద్దుకొనుటకు వ్యవధి లేదు. కనుక రెండింటను గవికి మొదటి పరిష్కర్త ప్రక్కనున్న మిత్రుఁడే.

ఈ యభ్యాసమువలనఁ గలిగిన వృద్ధి పాండవోద్యోగవిజయములలోఁ గానవచ్చును. ఒక్కమాఱు వినఁగానే సభ గ్రహింపఁదగిన పద్యము చెప్పి చెప్పి, వారి నుడికారము తేటపడెను. అందుచేతనే యీ నాటకపద్యములు పుస్తకము పట్టనివారి నోళ్లఁ గూడ నాడినవి. అయినను దోషములఁ గప్పిపుచ్చుట విమర్శధర్మము గాదు. వేగమున నల్లిన పద్యములందుఁ బాదపూరణమునకు మాత్రమే పనికివచ్చు పదములు గలవు. ఇతరకవులతోడి వివాదమునకు సంబంధించిన గీరతమున గొప్ప శక్తి యల్పప్రయోజనమునకు వ్యయమైనది. ఇరువురఁ గలిపిన స్నేహము వెలుపలివారికిఁ గోటగోడ యగుటయుఁ గలదు.

1920లోఁ దిరుపతిశాస్త్రిగారు దివంగతులైరి. వేంకటశాస్త్రిగారు 1949లో మద్రాసు ప్రభుత్వమున కాస్థానకవియై, 1950లో గతించిరి. నడుమ ముప్పదియేండ్లును వారు జంటపేరునే నిలిపిరి. లేని మనుష్యునిఁ గర్తగాఁ బేర్కొనుట సత్యమునకు భంగము గాదా యని యాక్షేపింపవచ్చును. ఏలూరు ప్రక్కనుండి పాఱు తమ్మిలేరును, బెజవాడ వైపునుండి వచ్చు బుడమేరును గొల్లేటఁ గలియును. అచటినుండి సముద్రముఁ జేరున దుప్పుటే రొక్కటియే. ఆకివీటి చెంత నిలిచి, యీ నీరు తమ్మిలేటిది, యా నీరు బుడమేటిదని పంచ నెవ్వఁడును బూనుకొనఁడు. వేంకటశాస్త్రిగారి పలుకు మిత్రుని పలుకుతోఁ గలసి పెరిగినది. మిత్రుఁడు పోయినంత మాత్రమున నా కలయిక విడిపోదు. కావున జంటపేరు ఋణాంగీకారమే కాని యసత్యము గాదు. అయినను నే వర్షమున నే యేరు పొంగెనో వ్రాసి యుంచుటయు నవసరమే. 1920నకుఁ దరువాతి రచనలను గాలము గుర్తించియే చదువవలెను. అప్పుడు పేరునకును గౌరవము దక్కును, చరిత్రకును న్యాయము జరుగును.

ఈ మైత్రి సంతానము బందరున శిష్యరూపమునఁ బెరిగినది. విశ్వనాథ సత్యనారాయణగారు వేంకటశాస్త్రిగారి శిష్యులు. మఱి యిద్దఱు శిష్యులు, పింగళి లక్ష్మీకాంతముగారును గాటూరి వేంకటేశ్వరరావుగారును, తామును జంటయై 1932లో సౌందరనందమును వెలయించిరి. పాఠశాలలందుఁ బద్యరచన నేర్పు పండితులు దీనినుండి గ్రహింపఁదగిన దొకటి గలదు. ఒక్కొక్క విద్యార్థిచేత నొక్కొక్క పద్యము వ్రాయించుటతోఁ దృప్తిపడక, యిద్దఱిచేత నొక్క పద్యము చెప్పించి చూడవలెను. మొదటి దినమునఁ గలహ మగును. కొన్ని దినములకు వారిలో నొకఁడు తన పదమును విడిచి, తోడివాని పదమునే మేలని నిలుపును. ఆనాఁడు వారికిఁ గవిత్వపాఠ మారంభమైన దనవచ్చును.