మోషే మాట, అహరోను నోరు: నిర్గమకాండము 4:10–16పై పునఃపరిశీలన

మోషే సాకులు చెప్పాడు, దేవునికి కోపము వచ్చింది, అందుచేత అహరోను అను రెండవ రకము ఏర్పాటు జరిగింది: ఈ భాగమును మన ప్రసంగవేదికలపై సాధారణముగా ఇట్లే వివరింతురు. మేమును చాలా సంవత్సరములు ఇట్లే బోధించితిమి. ఈ వ్యాఖ్యానము వాక్యభాగమునకు న్యాయము చేయదనియు, మన సంఘములు నడుపు పాఠశాలలలోని వికలాంగ విద్యార్థులకు హాని చేయుచున్నదనియు ఇప్పుడు మా అభిప్రాయము.

వచనముల క్రమమును గమనించండి. మోషే తన నాలుకను గూర్చి చెప్పినది 10వ వచనములో. దానికి జవాబుగా 11, 12 వచనములలో ఉన్నవి ప్రశ్నలు, ఒక వాగ్దానము; కోపము లేదు. వేరొకరిని పంపుమని 13లో తప్పించుకొనజూచిన తరువాతనే కోపము కనబడును. ఆ 14వ వచనములోనే అహరోను అప్పటికే ఎదురు వచ్చుచున్నాడు. అనగా కోపమునకు ముందే సహాయము బయలుదేరినది! 6:12, 30లో మోషే అదే ఇబ్బంది మరల చెప్పుకొనగా గద్దింపు లేదు. 7:1–2లో అదే ఏర్పాటు స్థిరపడినది. నాలుక స్వస్థపడినదని నిర్గమకాండము చెప్పదు. స్వస్థత ప్రార్థనకు మేము వ్యతిరేకులము కాము. కాని ప్రార్థించి పంపివేసి, ఆ బిడ్డ బడిలో ఎట్లు చదువుచున్నదో అడుగని కాపరత్వము ఈ భాగములో లేదు.

అనువాదమును గూర్చి ఒక మాట. హెబ్రీలోని 'కాబేద్' అనగా బరువైనది. మన పాత అనువాదము 'మాంద్యము' అన్నది. అనువాదకులను తప్పుపట్టలేము, అయితే 'బుద్ధిమాంద్యము' అలవాటైన చెవికి నత్తియు మందబుద్ధియు ఒకటే అన్నట్లు వినబడును. తరగతిలో జరుగునదియు ఇదే. ఇదే హెబ్రీ మాట 7:14లో ఫరో హృదయమునకు వాడబడినది. అక్కడ 'కఠినము' అన్నారు. ఇశ్రాయేలీయుల ప్రయాణమునకు అడ్డుపడినది ఆ హృదయపు బరువే గాని నాలుక బరువు కాదు.

కొన్నేండ్ల క్రితము మా సండేస్కూలు వార్షికోత్సవములో నత్తిగల ఒక బాలుడు కంఠస్థ వాక్యము మధ్యలో ఆగగా, సమయము లేదని మేమే మైకు తీసి పక్క అమ్మాయికి ఇచ్చితిమి. వాక్యమంతయు వానికి వచ్చునని తల్లి తరువాత చెప్పినది. వాడు మరల వేదిక ఎక్కలేదు. వానికి కావలసినది ఒక నిమిషము మాత్రమే.

వికలాంగుల హక్కుల చట్టము (2016) 17వ సెక్షను పరీక్షలలో ఇట్టి అదనపు సమయమును, స్వయముగా వ్రాయలేనివారికి స్క్రైబును చెప్పుచున్నది. "అప్పుడు అవి ఎవరి మార్కులు?" అని విశ్వాసులైన ఉపాధ్యాయులే అడుగుదురు. 4:15–16 చూడండి: మాటలు మోషేవి, నోరు అహరోనుది. రోమా పత్రికను చేతితో వ్రాసినవాడు తెర్తియు (16:22). దానిని తెర్తియు పత్రిక అని ఎవరందురు?

ఉపాధ్యాయుల భయములో కొంత నిజము లేకపోలేదు. మోషే కొండమీదనుండగా, మోషే మాట లేకుండ అహరోను చేసినది దూడను (32:4). విద్యార్థి చెప్పకముందే జవాబు వ్రాయు స్క్రైబు, బిడ్డను అడిగిన ప్రశ్నకు తానే బదులు చెప్పు టీచరు, ఆ కొండ క్రింది అహరోనులే.