సంక్రాంతి చెరువు మీద ఇసురు వల

సంక్రాంతి సెలవులకు రఘునాథపల్లి పోతే భోగికి ముందురోజు పొద్దున్నే చిన్నాయన వెంట చెరువుకు నడవాల్సిందే. ఆయన చేపల సొసైటీ సభ్యుడు. కశ్మీరు, నీలగిరి వాగుల్లో ట్రౌట్ కోసం గాలం వేసేవాళ్లది ఎంత ముచ్చటో, బొచ్చె, రవ్వల కోసం ఇసురు వల పట్టే మాదీ అంతే ముచ్చట. అయితే ఏటా నన్ను కట్టిపడేసేది చేప కన్నా ఆ వల. చిన్నాయన దాన్ని తన చేతులతోనే అల్లుతాడు.

అల్లకం పైకొస నుంచి మొదలవుతుంది. మేకుకు దారం కట్టి, పిడికిట్లో ఇమిడేటన్ని కన్నులతో మొదటి వరుస వేస్తాడు. ఎడమచేతిలో వెదురు బద్ద, కుడిచేతిలో దారం చుట్టిన వెదురు సూది. దారాన్ని బద్ద మీదుగా దించి, పై కన్నులోంచి సూదిని దూర్చి, బొటనవేలితో అదిమిపట్టి ముడి బిగిస్తాడు. కన్ను ఎంత ఉండాలో బద్ద వెడల్పే చెబుతుంది. అందుకే వేల కన్నుల్లో ఒక్కటీ హెచ్చుతగ్గు కాదు.

అసలు పనితనం కన్నులు పెంచడంలో ఉంది. 10 అడుగుల నిడివి వల నేల మీద గుండ్రంగా పరుచుకోవాలంటే అంచు చుట్టుకొలత 60 అడుగులు దాటాలి. పిడికెడుతో మొదలైంది అంతదాకా పెరగాలి. అందుకని కొన్ని వరుసలకోసారి, సమానమైన ఎడంలో, అదనపు కన్నులు కలుపుతాడు. ఎడం తప్పితే వల ఒకపక్కకు గుంజుకుపోతుంది, విసిరినప్పుడు వంకరగా పడుతుంది. ఈ లెక్క కాగితం మీద ఎక్కడా లేదు. చిన్నాయన వేళ్లే వరుసలు లెక్కపెడతాయి.

అంచుకు తాడు, తాడుకు సీసం గుండ్లు. అంచును కొంత లోపలికి మడిచి అక్కడక్కడ కట్టడంతో చుట్టూ సంచులు ఏర్పడతాయి. కిందికి తప్పించుకోబోయిన చేప వాటిలోనే చిక్కుతుంది. గుండ్లు తేలికైతే వల నేలను తాకేలోపే చేప జారుకుంటుంది. మరీ బరువైతే విసిరే భుజం అలిసిపోతుంది.

విసరడం ఒక్క క్షణం పని. కొసతాడు ఎడమ మణికట్టుకు చుట్టి, వలలో కొంత మోచేతి మీద, కొంత కుడిచేతిలో పట్టి, నడుముతో తిరిగి వదులుతాడు. గుండ్ల బరువు అంచును బయటికి లాగుతుంది, వల గాలిలో పళ్లెంలా విచ్చుకుంటుంది. నీళ్ల మీద గుండ్లన్నీ ఒక్కసారే పడిన చప్పుడు వస్తే పాటు కుదిరినట్టు. తర్వాత తొందరపడడు. వల అడుగు తాకేదాకా ఆగి, తాడును నిదానంగా గుంజుతాడు. గుండ్లు నేలను రాసుకుంటూ ఒకచోటికి చేరతాయి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను మాత్రం బురదలో దూరి గుండ్ల కిందనుంచి జారిపోగలదు. అది పడాలంటే అంచును కాలితో తొక్కిపట్టాలి.

ఇంటికి రాగానే చేపల కన్నా ముందు వల పని. కడిగి, నీడన ఆరేసి, తెగిన కన్నును అదే బద్దతో మళ్లీ ముడివేస్తాడు. మార్కెట్లో మెషిన్ వల కొంటే అయిపోతుంది. కానీ చిరిగిన కన్నును కలపడం తెలిసిన చెయ్యి మార్కెట్లో దొరకదు. ఈ సంక్రాంతికి మీ ఊరు పోతే వల అల్లే పెద్దమనిషి పక్కన ఒక పూట కూర్చోండి. మొదటి ముడి ఎట్లా వేయాలో అడిగి నేర్చుకోండి.