మామ్మ సాక్ష్యానికి వందనం

వందనం మామ్మా, వందనం. పలాస, కాశీబుగ్గల్లో బతుకంతా జీడి పిక్కలు కొట్టి, సొనకు వేళ్లు నల్లబడి, చూపు ఆనక ఇంటిపట్టున ఉండిపోయిన నీకు వందనం. వల లాగే సత్తువ తగ్గి వజ్రపుకొత్తూరు ఒడ్డున కూర్చున్న తాతా, నీకూ వందనం. ముసలాళ్లకిక పనేముందని ఇంట్లోవాళ్లు అనుకున్న రోజుల్లోనే మీ పని మొదలైంది. సాయంకాలం కూడికలో ముసుగు సవరించుకుని, కీర్తనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "దేవుడు నాకేటి సేసాడో సెప్తాను, కూకోండి" అంటావే మామ్మా, ఆ మాటకే నా స్తుతి.

పసివాడైన యేసును దేవాలయానికి తెచ్చిన రోజున గుర్తుపట్టినవాళ్లెవరు? సుమెయోను అనే భక్తుడు, అన్న అనే ముసలి విధవరాలు. లూకా ఆమె వయసు కూడా రాశాడు: ఎనభై నాలుగు. విడుదల కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్లందరికీ ఆమె ఆ బిడ్డ సంగతి చెప్పిందట. డెబ్బై ఒకటో కీర్తనలో తల నెరిసిన భక్తుడు అడిగేదీ అదే. రాబోయే తరానికి నీ బలం చెప్పేదాకా నన్ను విడిచిపెట్టకు అన్నది అతని ప్రార్థన. ఆయుష్షు అడగడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తోచదు.

ఈ నేల మీద ఆ ప్రార్థనను బతికి చూపినవారు పురుషోత్తమ చౌదరి గారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో వైష్ణవ బ్రాహ్మణుల ఇంట పుట్టారు. బెంగాలీ మూలాలున్న కుటుంబం. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ ఒక్క అడుగుకు ఇల్లు, కులం, పరువు అన్నీ పణం. శ్రీకాకుళంలోనూ బరంపురంలోనూ పరిచర్య చేశారు. ఆ రెండు ఊళ్లనూ కలిపే దారి శ్రీకాకుళం జిల్లాలోని మన ఉద్దానం ప్రాంతం పక్కనుంచే పోతుంది. తన విశ్వాసాన్ని ఆయన తెలుగు రాగాల్లో, తాళాల్లో పెట్టి చెప్పారు. 1890లో కన్నుమూసేనాటికి ఎనభై దాటిన పండు ముసలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన గొంతు ఇప్పటికీ ఉంది. మామ్మా, నీకు అక్షరాలు రావు. అయినా ఆయన కీర్తన ఎత్తుకుంటే ఒక్క మాట తప్పిపోదు. పెద్ద పండితుడు కట్టిన పాట నీ నోట ఇంత భద్రంగా ఉండడం చూస్తే నాకు కళ్లు చెమరుస్తాయి.

నీ సాక్ష్యంలో ఉద్దానమంతా ఉంటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి, పనస నేలమట్టమయ్యాయి. ఏళ్లు గడిస్తే గాని కాపుకు రాని చెట్లు ఒక్క పూటలో పోయాయి. ఆ రాత్రి సంగతి చెప్పేటప్పుడు చెట్లు నిలిచాయని నువ్వు చెప్పవు. "సెట్లు పోనాయి, మేము నిలిసాం" అంటావు, అంతే.

ఉద్దానాన్ని ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బు సంగతీ అంతే. ఇన్నేళ్ల పరిశోధన తరువాత కూడా దాని మూలం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. డయాలసిస్ మంచం మీద కొడుకు వయసువాడు గంటల తరబడి కదలకుండా పడుకుంటే నువ్వు పక్కన స్టూలు మీద కూర్చుంటావు. నయమైపోతుందని మాట ఇవ్వవు. నీ పెనిమిటి ఇదే జబ్బుతో పోయిన సంగతి దాచవు. ఎంత ప్రార్థించావో, ఎంత ఏడ్చావో, దేవుడి మీద ఎన్నాళ్లు అలిగావో, మళ్లీ ఎలా పాట ఎత్తుకున్నావో చెబుతావు. అద్భుతాల సాక్ష్యాలు నేనూ విన్నాను, కాదనను. కానీ అడిగింది దొరకకపోయినా నమ్మకం వదలని మనిషి మాటే ఆ మంచం మీద వాడికి ఆనుతుంది. అతను మందిరానికి వచ్చేవాడా, గ్రామదేవతకు మొక్కేవాడా అని నువ్వు అడగవు. అందుకే నిన్ను రమ్మని వాళ్లే కబురు పెడతారు.

కథ ఎక్కడిదాకా వెళుతుందో చెప్పేవాళ్లకు తెలియదు. సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో ఏళ్ల తరబడి కళ్లు బాగుచేసిన కెనడా మిషనరీ వైద్యుడు బెన్ గల్లిసన్. ఇక్కడి గుడ్డివాళ్ల సంగతులు ఆయన తన దేశంలో చెబితే, కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి చలించిపోయాడు. 1963లో అక్కడ ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. సోంపేట కథ విన్నందుకు ఎక్కడెక్కడి కళ్లకో చూపొచ్చింది.

పాస్టరు అయ్యగారూ, మీకో మనవి. ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళను కుదించకండి. మామ్మ నెమ్మదిగా చెబుతుంది, మధ్యలో మనవల పేర్లు కలిపేస్తుంది, చెప్పిందే మళ్లీ చెబుతుంది. మైకు ఆమె చేతిలోనే ఉండనివ్వండి. బతుకుదెరువుకు హైదరాబాదుకో, ముంబైకో, గల్ఫుకో పోయిన మనవలకు ఫోన్లో రికార్డు చేసి పంపండి. మామ్మా, పోయిన వారం తిత్లీ రాత్రి దాకా వచ్చి ఆపేశావు. తెల్లారి తలుపు తీశాక ఏమైందో చెప్పు, మేం కూర్చునే ఉన్నాం.