కంచానికి రెండడుగులు

భోజనాల బల్ల కొనడానికి వెళ్ళినవాళ్ళు ముందు మనుషుల్ని లెక్కపెడతారు. ఇంట్లో నలుగురం, పండక్కి కూతురూ అల్లుడూ వస్తే ఆరుగురం, కాబట్టి ఆరు కుర్చీల సెట్టు. నాయుడుపేట బజారులో ఏ ఫర్నిచర్ దుకాణం ముందు నిలబడినా ఈ లెక్కే వినిపిస్తుంది. చిన్న ఇంటికి ఈ లెక్క కుదరదు. అక్కడ ముందు లెక్కపెట్టాల్సింది నేలని.

ఆరుగురి బల్ల మామూలుగా 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటుంది. దుకాణంలో చూస్తే 15 చదరపు అడుగులే కదా అనిపిస్తుంది. కానీ కుర్చీ వెనక్కి జరుపుకుని మనిషి లేవాలంటే బల్ల అంచు నుంచి కనీసం రెండున్నర అడుగులు కావాలి. నాలుగు పక్కలా అంత వదిలితే 10 అడుగులకి 8 అడుగులు, మొత్తం 80 చదరపు అడుగులు. ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగుల్లో ఉన్నాయి. జగనన్న కాలనీ ఇల్లు 340 అడుగులు, పట్టణంలో అయితే దానికిచ్చిన స్థలం ఒక్క సెంటు. 365 అడుగుల ఇంట్లో 80 అడుగులు బల్లకి పోతే ఇంట్లో అయిదో వంతుకి పైగా తిండికే రాసిచ్చినట్టు. మూడు పూటలా కలిపి మనం తినేది గంట, గంటన్నర. మిగతా రోజంతా ఆ బల్ల మీద బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, పిల్లల బ్యాగులు, ఇస్త్రీకి వెళ్ళాల్సిన బట్టలు కాపురం చేస్తాయి. చివరికి అందరూ కంచాలు చేతిలో పట్టుకుని టీవీ ముందు తింటారు. ఇలాంటి ఇళ్ళు మా ఊళ్ళో చాలా చూశాను.

మేనకూరు సెజ్‌లో పనిచేసేవాళ్ళూ, పొద్దున్నే బస్సెక్కి శ్రీసిటీ ఫ్యాక్టరీలకి పోయేవాళ్ళూ ఎక్కువగా ఉండేది అద్దె పోర్షన్లలో. ముందు ఒక హాలు, వెనక వంటగది, పక్కన ఒక పడకగది. ఆ హాల్లోనే పిల్లలు చదువుకోవాలి, చుట్టాలొస్తే కూర్చోవాలి, రాత్రి ఇద్దరు పడుకోవాలి. అంత పని చేసే నేల మీద కదలని వస్తువు ఏది పెట్టాలన్నా వందసార్లు ఆలోచించాలి.

మరి బల్లే ఎందుకు, తరతరాలుగా నేల మీద పీటేసుకుని తిన్నవాళ్ళం కదా అనొచ్చు. నాకూ అదే ఇష్టం. చాప పరిచి, మధ్యలో గిన్నెలు పెట్టుకుని, ఒకరికొకరు వడ్డించుకుని తినే తిండికి సాటి లేదు. కానీ మోకాళ్ళు ఒప్పుకోవాలి. మా అమ్మని డాక్టరు కింద కూర్చోవద్దన్న రోజు నుంచి ఆమె కుర్చీలో విడిగా, మేమంతా కింద. ఆమె కంచం ఒళ్ళో పెట్టుకుని తింటుంటే చూడటం కష్టంగా ఉండేది. పెద్దవాళ్ళు బంతిలోంచి విడిపోకుండా ఉండటానికే చాలా ఇళ్ళలో బల్ల అవసరమవుతోంది. డాబు కోసం కొనేవాళ్ళ మాట వేరు, వాళ్ళ గురించి నేను రాయడం లేదు.

అమ్మ కోసం బల్ల వెతకడం మొదలుపెట్టాక వడ్రంగుల కొట్ల చుట్టూ తిరగడం నాకు అలవాటైపోయింది. ఎవరింటికి వెళ్ళినా బల్ల కిందికి వంగి కాళ్ళు ఎలా అతికారో చూస్తాను. అలా తెలుసుకున్నవాటిలో మొదటిది కొలత. ఒక మనిషి ఇబ్బంది లేకుండా తినాలంటే బల్ల అంచు పొడవున 2 అడుగులు కావాలి. మన స్టీలు కంచం అడుగు అడ్డం ఉంటుంది, పక్కన మంచినీళ్ళ గ్లాసు, అవతల మోచెయ్యి. లోతు అడుగుంపావు ఉంటే చాలు. ఇంతకన్నా తగ్గిస్తే పక్కవాడి మోచెయ్యి మన పులుసులో పడుతుంది.

రెండోది ఎత్తు. దుకాణాల్లో దొరికే బల్లలు దాదాపు అన్నీ 30 అంగుళాలు. అది చెంచాతో, ఫోర్కుతో తినేవాళ్ళ కొలత. మనం వేళ్ళతో అన్నం కలుపుతాం. పప్పన్నమైనా, చేపల పులుసన్నమైనా మెదిపి కలపాలంటే చెయ్యి పైనుంచి కిందికి నొక్కాలి, మోచెయ్యి కంచం కన్నా ఎత్తులో ఉండాలి. 30 అంగుళాల బల్ల మీద మనవాళ్ళు భుజం ఎగరేసి కలుపుతుంటారు. కొంచెం పొట్టిగా ఉన్న ఆడవాళ్ళకి మరీ ఇబ్బంది. 28 అంగుళాల బల్ల, 17 అంగుళాల కుర్చీ మన చేతికి సరిపోతాయని నా నమ్మకం. చేయించుకునే బల్లకి ఇదే పెద్ద లాభం. కొన్న బల్లకైతే కాళ్ళు కోయించొచ్చు, చెక్క కాళ్ళయితే అది పది నిమిషాల పని.

ఇక రకాలు. రెక్కల బల్ల కొత్తదేమీ కాదు. మధ్యలో సన్నటి దిమ్మె, రెండు పక్కలా వేలాడే రెక్కలు, గేటులా తిరిగే కాలు బయటికి లాగితే రెక్క దాని మీద నిలబడుతుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దానికే ఇది ఇళ్ళలో బాగా వాడుకలో ఉంది. ఐకియా వాళ్ళ నోర్డెన్ అనే బల్ల కూడా ఈ పద్ధతిదే. మూసినప్పుడు మందం 26 సెంటీమీటర్లు, అంటే దాదాపు 10 అంగుళాలు. రెండు రెక్కలూ లేపితే 5 అడుగుల బల్ల, మధ్య దిమ్మెలో సొరుగులు. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచాక ఇలాంటి మడత సామాన్లు మనవాళ్ళ కళ్ళబడ్డాయి. అంతకుముందు మడత బల్లంటే మనకి పెళ్ళిళ్ళలో అద్దెకి తెచ్చే ఇనప కాళ్ళ బల్లే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి రెక్కల బల్లే మంచిది. గోడకి మేకు కొడితే ఒప్పుకోని ఇంటి ఓనర్లున్నారు, ఇల్లు మారితే బల్ల మనతో రావాలి. ఒక రెక్క లేపితే ఇద్దరికి, రెండూ లేపితే నలుగురికి. చూడాల్సింది గేటు కాలు. అది రెక్క వెడల్పులో మూడింట రెండు వంతుల దూరం దాకా బయటికి రావాలి. లేకపోతే పిల్లవాడు రెక్క అంచు మీద మోచేతులు ఆనించగానే బల్ల తలవాలుస్తుంది.

సొంత ఇల్లయితే, గోడకి బిగించి అక్కర్లేనప్పుడు కిందికి మడిచేసే గోడ బల్లని మించింది లేదు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేసేవాళ్ళు తొందరపడి పాడుచేసేది దీన్నే. ఈ బల్లని పొడుగు అంచు వైపే గోడకి బిగించాలి. 4 అడుగుల పొడవు, 20 అంగుళాల లోతు అనుకోండి. ముందు వైపు ఇద్దరు, చివర్లలో ఒక్కొక్కరు, కాస్త సర్దుకుంటే నలుగురికీ చోటు. పొట్టి అంచు వైపు బిగిస్తే ఎదురెదురుగా కూర్చోవచ్చని కొందరు అడుగుతారు. కానీ 28 అంగుళాల ఎత్తులో బిగించిన 4 అడుగుల పలక కిందికి వేలాడదు, నేల తగులుతుంది. ఇంత చిన్న లెక్క మరిచిపోయి చేయించిన బల్లలు ఎప్పటికీ విప్పే ఉంటాయి.

గోడ ఏదో తెలుసుకోకుండా డ్రిల్లు పట్టకూడదు. టిడ్కో ఇళ్ళు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి, గోడంతా కాంక్రీటే. పట్టు బ్రహ్మాండంగా ఉంటుంది, హ్యామర్ డ్రిల్లు మాత్రం కావాలి. ఆ గోడల్లో కరెంటు పైపులు కాంక్రీటుతో పాటే పోసేశారు. కాబట్టి స్విచ్చు బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా కన్నం పెట్టొద్దు. ఇటుక గోడయితే స్క్రూ ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగాలి, రెండున్నర అంగుళాల స్క్రూ వాడాలి. లోపల బోలుగా ఉండే బ్లాకులతో కట్టిన గోడకి నేరుగా బ్రాకెట్టు బిగించకుండా, ముందు ఒక పొడుగాటి టేకు పట్టీని నాలుగైదు చోట్ల బిగించి దాని మీద బల్లని నిలబెట్టడం మేలు.

చెక్క విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ ఒకటుంది. ఒక పక్క పులికాట్, దాని అవతల సముద్రం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. గాలిలో ఎప్పుడూ తేమే. పొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డు బల్ల మొదటి వానాకాలానికే అంచుల్లో ఉబ్బుతుంది. ఇనప బందులు తుప్పు పట్టి కిర్రుమంటాయి. డబ్బుంటే టేకు. లేకపోతే ఐఎస్ 710 ముద్ర ఉన్న 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, రెండు వైపులా మైకా, అంచులకి టేకు బీడింగు. కింద ఎవరు చూస్తారని పై వైపే మైకా వేయించడం పొదుపు కాదు. ఒక పక్క తేమ పీల్చి, ఇంకో పక్క పీల్చకపోతే పలక వంగుతుంది. వంగిన పలక మడతపడదు. బందులు స్టెయిన్‌లెస్ స్టీలువో, ఇత్తడివో వేయించండి. ఈ కాస్త ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

మైకా అనడానికి ఇంకో కారణం మన వంట. మా ఊరు 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, మా నాలుకలు నెల్లూరు దాటి రాలేదు. చేపల పులుసులో ఉన్న చింతపండు, పసుపు, నూనె మూడూ కలిసి పాలిష్ చెక్క మీద పడితే ఆ మరక పోదు. మైకా అయితే తుడిస్తే పోతుంది. పొయ్యి మీద నుంచి దించిన దబర నేరుగా పెడితే మాత్రం మైకా కూడా పాడవుతుంది. పాత ఇళ్ళలో కుండల కింద పెట్టే కుదురు ఉండేది, దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలి.

20 అంగుళాల బల్ల మీద నాలుగు కంచాలు పెట్టాక అన్నం గిన్నె, కూర, పులుసు, చారు, పెరుగు, ఊరగాయ ఎక్కడ పెట్టాలి? పెద్ద బల్ల కొనమని దుకాణంవాడు చెప్పేది ఇక్కడే. దానికి జవాబు బల్లకి పైన గోడకే బిగించిన 8 అంగుళాల అర. గిన్నెలు దాని మీద వరసగా కూర్చుంటాయి, కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపితే అందుతాయి. వంటగదికీ హాలుకీ మధ్య కిటికీ ఉంటే ఇంకా మంచిది, దాని కిందే బల్ల బిగించండి.

మా దగ్గర ఒక మేస్త్రీని, మడత బల్ల మంచిదో కాదో ఎట్టా తెలుస్తుందని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు చాలా నచ్చింది. "ఏముంది సార్, ఇంట్లో ముసలామె ఒంటి చేత్తో మూయగలిగితే మంచి బల్ల. కొడుకు వచ్చి మూయాలంటే ఇంక అది మూసేది లేదు." నిజం. విప్పడానికి గడియ, రెండు స్క్రూలు, ఒక కర్ర కావాల్సిన బల్ల నెలలోపే మామూలు బల్ల అయిపోతుంది. దుకాణంలో కొనేముందు అమ్మేవాడితో విప్పించకండి. ఇంట్లో రోజూ వడ్డించే మనిషితో విప్పించి, మూయించి చూడండి. కుర్చీలు కూడా అంతే. మూడు స్టూళ్ళు బల్ల కిందో, మంచం కిందో దూరిపోవాలి. పెద్దవాళ్ళకి మాత్రం చేతులున్న కుర్చీ ఒకటి తప్పనిసరి. చేతులానించి లేవలేకపోతే, కింద కూర్చోలేక తెచ్చుకున్న బల్లకి అర్థం లేదు.

ఇవన్నీ మనకొక్కరికే వచ్చిన చిక్కులు కావు. నేల మీద కూర్చుని తిన్న జాతి చిన్న ఇళ్ళలో బల్లకి మారడం జపాన్‌లో జరిగింది. అక్కడ ఇంటిల్లిపాదీ కూర్చునే చబుదాయ్ అనే పొట్టి బల్ల ఉండేది. కాళ్ళు మడిచి గోడకానించి, అదే నేల మీద పరుపులు పరుచుకునేవారు. యుద్ధం తర్వాత ఇళ్ళ కరువులో 1951లో ప్రభుత్వ ఇళ్ళకి ఒక నమూనా తయారుచేశారు, పేరు 51సీ, మొత్తం 35 చదరపు మీటర్లు. మన లెక్కలో 377 చదరపు అడుగులు, ఇంచుమించు టిడ్కో ఇల్లంత. తినే చోటు, పడుకునే చోటు వేరుగా ఉండాలని పట్టుబట్టి వంటగదినే కాస్త పెంచి అందులో తినేలా గీశారు. 1955లో జపాన్ హౌసింగ్ కార్పొరేషన్ పుట్టి ఆ పద్ధతిలో వేల ఇళ్ళు కట్టినప్పుడు, జనం దగ్గర బల్లలు లేవని గ్రహించి మొదట్లో ఇంటితో పాటే భోజనాల బల్ల కూడా అమర్చి ఇచ్చారు. ఇల్లు గీసినవాళ్ళు ఆ ఇంట్లో అన్నం తినే మనిషిని కూడా గీశారన్నమాట.

నేల వదులుకోకపోవడంలో మనకి ఇంకో లాభముంది. సంక్రాంతికో, తద్దినానికో పదిహేనుమంది వస్తే ఏ బల్లా చాలదు. అప్పుడు గోడ బల్ల కిందికి దించేసి చాపలు పరిస్తే హాలంతా బంతే. ఆరుగురి సెట్టు ఉన్న ఇంట్లో ఆ రోజు బల్లని వీధి అరుగు మీద పెట్టాల్సి వస్తుంది.

బల్లకి అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చేయండి. హాల్లో సుద్దముక్కతో బల్ల కొలత గీయండి, చుట్టూ కుర్చీలు జరిపేంత చోటు కూడా గీయండి. ఒక రోజంతా ఆ గీత తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడండి. తొక్కకుండా తిరగలేకపోతే ఆ బల్ల వద్దు. ఇకముందు పేదల ఇళ్ళకి ప్లాన్లు గీసే ఇంజనీర్లకి నా విన్నపం ఒకటే. స్విచ్చు బోర్డులతో పాటు ప్రతి ఇంటి వంటగది పక్క గోడకి 4 అడుగుల మడత పలక ఒకటి 28 అంగుళాల ఎత్తులో బిగించి ఇవ్వండి. గోడ మీది, కరెంటు పైపులు ఎక్కడున్నాయో తెలిసింది మీకే.